మృగశిరకు ముందే పూర్తి చెయ్యి

తల్లీ,

చెరువుగట్టు మీద మట్టితో గేదెను చేసి వానకు వదిలేస్తానని రాశావు. చదివి చాలా సంబరపడ్డాను. కరిగిపోయేదే కదా, ఎలా చేస్తేనేం అని మాత్రం అనుకోకు. ఏది ముందు పోవాలో, ఏది చివరిదాకా ఉండాలో ముందే తేల్చుకోవాలి.

నేలకు తగిలి చిట్లే చినుకు అడుగున మట్టిని బాగా తింటుంది. పాత మట్టిగోడలు చూడు, అడుగునే కోసుకుపోయి ఉంటాయి. కాళ్లు ముందు పోయి గేదె కూలబడాలంటే నేలమీదే కట్టు. కొమ్ములూ వీపూ మెల్లగా కరగాలంటే అడుగున మూరెడు ఎత్తు రాళ్లు పేర్చు.

నల్లరేగడి ఒక్కటే వాడకు, ఆరితే పగుళ్లిస్తుంది. ఎర్రమట్టి, పాడుబడిన పుట్టమన్ను కలిపి, వేలెడు ముక్కలుగా తరిగిన వరిగడ్డి వేసి తొక్కు. వారం రోజులు మాగనివ్వు. వాసనొస్తుంది, కంగారుపడకు. ఒక వరస గట్టిపడ్డాకే ఇంకో వరస. రోహిణి ఎండకు పైన తడి గోనెపట్టా కప్పు.

లోపల వెదురే పెట్టు, కట్లు కొబ్బరితాడుతో వెయ్యి. ఒకసారి తొందరపడి ఎద్దుబొమ్మలో ఇనప చువ్వలు పెట్టాను. మూడో వానాకాలానికి మట్టంతా పోయి తుప్పు చువ్వలు మిగిలాయి, ఒక మేక డొక్క చీరుకుంది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. సిమెంటు పూత వద్దు, తేమ లోపల చిక్కి పెచ్చులుగా ఊడుతుంది. రంగులు వేస్తే చెరువులోకే పోతాయి.

మొదటి వానకు టెన్షన్ పడతావు. పరుగెత్తి మట్టి మెత్తాలనిపిస్తుంది. ఆగు. నైజీరియాలో ఇగ్బోలు భూదేవత కోసం ఎంబారి అనే మట్టి మండపం కట్టి, నిండా బొమ్మలు పెట్టేవారు. పూర్తయ్యాక మరమ్మతు ఉండేది కాదు, కావాలంటే మళ్లీ కొత్తది కట్టడమే. డేవిడ్ నాష్ అనే శిల్పి 1978లో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఓక్ దుంగను బండలా చెక్కి వాగులో దింపితే ఇరుక్కుపోయింది. ఆయన దాన్ని అక్కడే ఉండనిచ్చాడు. అది సముద్రం వైపు జరుగుతుంటే పాతికేళ్లకు పైగా ఫోటోలు తీస్తూ వచ్చాడు. నువ్వూ ఒకే చోట నిలబడి ప్రతి అమావాస్యకూ ఒక ఫోటో తియ్యి.

ఆ తర్వాత వెదురుతో ఇంకో ఎద్దును చేశాను. గడ్డిలో మిగిలిన వడ్లు దాని వీపు మీద మొలిచి, నారుమడిలా పచ్చగా లేచాయి. పిచ్చుకలు వచ్చి వాలాయి. నేను చేసిన బొమ్మలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఆ వీపే.

పంచాయతీలో ముందే అడుగు. తొలకరి పడ్డ రోజు ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తాను.

నీ మావయ్య