తేలు కుడితే వాపు లేకుండానే అంత నొప్పి ఎందుకు?

మీరు అడిగింది ఇదీ: తేలు కుట్టిన చోట పెద్దగా వాపు కూడా లేదు, అయినా అంత నొప్పి, కండరాలు అదరడం ఎందుకు, విషానికి నరం చచ్చుబడిపోతుందా అని. చచ్చుబడదు. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. ఆ విషం నరాన్ని క్షణం కూడా ఊరుకోనివ్వదు.

నాకు పాత చెక్కల దొంతర కదిలిస్తుంటే బొటనవేలి మీద కుట్టింది. సూది గుచ్చినంత చుక్క తప్ప చూడ్డానికి ఏమీ లేదు. నొప్పి మాత్రం జివ్వుమని మోచేతి దాకా పాకి, కాసేపటికి చంకలోకి చేరింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనయ్యేది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉండటం మామూలు మనిషి వల్ల కాదు, ఆ దొంగ ఎవరో గానీ గట్టివాడు. వింతగా అనిపించింది మాత్రం బొటనవేలి మొదట్లో ఉండే కండ. చెయ్యి కదపకుండా బల్ల మీద పెట్టుకుని చూస్తున్నా, చర్మం కింద అది దానంతట అదే సన్నగా అదురుతూనే ఉంది.

కారణం నరం పొరలో ఉంది. అక్కడ సోడియం ఛానెళ్లు అనే అతి చిన్న ద్వారాలు ఉంటాయి. సంకేతం రాగానే అవి తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఒకటి రెండు మిల్లీసెకన్లలో మళ్లీ మూసుకుంటాయి. తేలు విషంలో 60, 70 అమైనో ఆమ్లాలతో తయారైన చిన్న ప్రోటీన్లు కొన్ని నేరుగా ఈ ద్వారాల మీదే పనిచేస్తాయి. ఆల్ఫా రకం వాటిని సకాలంలో మూసుకోనివ్వదు. బీటా రకం పిలవకుండానే తెరుచుకునేలా చేస్తుంది. ఇవి చాలవన్నట్టు, ఇంకా చిన్న ప్రోటీన్లు కొన్ని పొటాషియం ఛానెళ్లకు అడ్డుపడి, నరం మామూలు స్థితికి వచ్చే దారి కూడా మూసేస్తాయి. ఒకసారి నొక్కిన కాలింగ్ బెల్ బటన్ లోపలే ఇరుక్కుపోతే ఎలా మోగుతూ ఉంటుందో, అదీ నరం పరిస్థితి.

నొప్పి నరంలో ఇది జరిగితే మంట, పోట్లు. కండరానికి వెళ్లే నరంలో జరిగితే, దాని కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ (కండరానికి సంకేతం అందించే రసాయనం) అదేపనిగా విడుదలై కండరం అదురుతుంది. అమెరికాలోని బార్క్ తేలు కుట్టిన పిల్లల్లో కనుగుడ్లు అదుపు లేకుండా తిరుగుతాయి, నాలుక కూడా అదురుతుంది. కట్లపాము విషం దీనికి వ్యతిరేకం: సంకేతాన్ని కండరానికి చేరనివ్వదు, అందుకే రెప్పలు వాలిపోతాయి.

నాకు డాక్టర్ వేలి మొదట్లో లిగ్నోకైన్ అనే మత్తుమందు ఇంజెక్షన్ ఇస్తే కొద్ది నిమిషాల్లో నొప్పి దిగిపోయింది. ఆ మందు చేసే పనేమిటో తరువాత చదివి ఆశ్చర్యపోయాను. విషం తెరిచిపెట్టే ఆ సోడియం ఛానెళ్లనే అది మూసేస్తుంది! విషానికి విరుగుడు కాదు గానీ, ఆ చోట నొప్పి సంకేతాన్ని ఆపేస్తుంది.

అసలు ప్రమాదం వేలిలో ఉండదు. గుండెను, రక్తనాళాలను నడిపే నరాలు కూడా ఇలాగే రెచ్చిపోతే మొదట వాంతులు, ఒళ్లంతా చెమట, నోట్లో నీళ్లూరడం, తరువాత బీపీ పెరగడం, కాళ్లు చేతులు చల్లబడటం, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం దాకా పోవచ్చు. మన దేశపు ఎర్ర తేలుతో భయం ఇదే. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో దీనికి ప్రాజోసిన్ వాడి ఎంతో మందిని బతికించారు. అది మామూలు బీపీ మాత్రే. విషాన్ని తాకదు, బిగుసుకుపోయిన రక్తనాళాలను వదులు చేసి గుండె మీద భారం తగ్గిస్తుంది.

కాబట్టి నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని అంచనా వేయకండి. చెమట, వాంతులు, ఆయాసం, చేతులు చల్లబడటం, వీటిని గమనించాలి. చిన్నపిల్లలైతే లక్షణాల కోసం కూడా ఎదురుచూడక్కర్లేదు. ఒంటి బరువు తక్కువ, అదే మోతాదు విషం వాళ్ల మీద చాలా ఎక్కువగా పనిచేస్తుంది. కట్టు బిగించడం, కోయడం లాంటివేమీ పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.