గుంట మగ్గానికి గడువు పెట్టకు

చిట్టీ,

మీ నాన్న రాత్రి పది దాటాక ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఎవరో పోయారనే అనుకుంటాం మేం. "అక్కా, అది ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసిందంట, చేనేత బట్టల కంపెనీ పెడుతుందంట" అన్నాడు. ఎవరూ పోలేదుగా, పడుకో అన్నాను. తర్వాత నాకే నిద్ర పట్టలేదు. లేచి మీ మామయ్య ఫొటో దగ్గర లైటు వేసి, "చూశావా, మళ్లీ మనింట్లో ఒకతి గుడ్డ జోలికి పోతోంది" అని చెప్పాను. భయమేసింది. ఎందుకో నవ్వు కూడా వచ్చింది.

నువ్వు పంపిన స్లైడ్లన్నీ చూశాను. ఒక కాటన్ చొక్కా వెనక 2,700 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని లెక్క రాశావు, బాగుంది. దాని కిందే "ఊరి పత్తి, ఊరి నూలు, ఊరి చెయ్యి" అన్నావు. ఎవరు చెప్పారే నీకు? మంగళగిరిలో నేసేది మనవాళ్లే గానీ, మేం మగ్గానికి ఎక్కించిన 80 నంబరు నూలు కోయంబత్తూరు వైపు మిల్లుల నుంచి వచ్చేది. సన్న నూలుకు పొడుగు పింజ పత్తి కావాలి. ఆ పత్తి ఏ చేలో పండిందో, ఎన్నిసార్లు మందు కొట్టారో మాకు తెలిసేదే కాదు. బట్టకు కట్టే చీటీ మీద నీకు తెలిసిందే రాయి. చెయ్యి మాత్రం మన ఊరిదే, అది రాసుకో.

జీఎస్టీ, ట్రేడ్‌మార్కు, వేరే బ్యాంకు ఖాతా నీకు నాకంటే బాగా తెలుసు. చేతి మగ్గం మీద నేసిందేనని చూపే హ్యాండ్లూమ్ మార్కు 2006 నుంచీ ఉంది, తీసుకో. పీఎఫ్ ముట్టుకోకు. కరక్కాయ, పటిక, నీలి రంగులంటున్నావు కదా, వాయి వాయికీ ఛాయ మారుతుంది. కొనేవాళ్లకు ఆ మాట ముందే చెప్పు, తర్వాత చెబితే సాకంటారు.

ఇప్పుడు చెప్పేది మీ నాన్నకు కూడా తెలియదు.

1998లో మాకు పన్నెండు మగ్గాలు నడిచేవి. దసరా వెళ్లగానే వేరే ఊరి పెద్ద షాపువాళ్లు 1,200 మీటర్ల గుడ్డ అడిగారు. సంక్రాంతి సరుకు, డిసెంబరు మొదటి వారానికి చేరాలన్నారు. మీ మామయ్య క్యాలెండర్ వెనక లెక్క వేశారు. పన్నెండు మగ్గాలు, రోజుకు ఐదు మీటర్లు, ఇరవై అయిదు రోజులు, 1,500 మీటర్లు. ఇంకా మూడు వందలు మిగులే అనుకున్నాం. ఆ కాగితంలో వాన లేదు.

నవంబరులో ముసురు పట్టింది, తొమ్మిది రోజులు వదల్లేదు. నువ్వు గుంట మగ్గం చూడలేదు కదూ. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్లు గుంటలో పెట్టి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. ముసురు పడితే ఆ గుంటలో ఊట ఊరుతుంది. చెంబుతో తోడి, గోనెపట్టాలు పరిచి కూర్చున్నా గంటకు మళ్లీ పాదాలు మునుగుతాయి. పడుగుకి, అంటే మగ్గం మీది నిలువు పోగులకి, తెల్లవారకముందే వీధి పొడవునా చాపి గంజి పెట్టాలి, కుంచెతో దువ్వాలి, ఎండాలి. ఎండేది ఎక్కడ? రెండు పడుగులు బూజు పట్టి పారేశాం. గడువు నాలుగు రోజులుందనగా 800 మీటర్లే చేతికొచ్చాయి.

కరెంటుతో నడిచే మరమగ్గం గుడ్డ తెచ్చి కలుపుదామన్నది మీ మామయ్య కాదు, నేను. ఆయన రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట డబ్బు తీసిచ్చారు. సగం ధరకే 400 మీటర్లు వచ్చింది.

మా దగ్గర మడతలు పెట్టే ముసలాయన ఉండేవాడు. అంతకుముందు నలభై ఏళ్లు నేసిన మనిషి. ఆ మరమగ్గం గుడ్డ తాను విప్పి, అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మూర పొడుగునా జార్చాడు. మళ్లీ వెనక్కి జార్చాడు. "ఇది ఎవరి మగ్గమమ్మా?" అన్నాడు. కొత్తవాళ్లదిలే అన్నాను. ఆయన ఆ తాను మడవలేదు. చుట్టి పక్కన పెట్టి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. సంక్రాంతి తర్వాత ఇంకో షావుకారు దగ్గర చేరాడు.

షాపువాళ్లు పట్టుకున్నారా? లేదు. అదే నా ఖర్మ. మరుసటి ఏడు వాళ్ల మనిషి వచ్చి, పోయినేడు పంపిన నున్నటి సరుకే కావాలి, ఆ ముడులున్న గరుకుది వద్దన్నాడు. గరుకుదంటే మా మగ్గాలదే చిట్టీ! ఆ పై ఏడు నున్నటి గుడ్డ సగం ధరకు ఎక్కడ దొరుకుతుందో వాళ్లే కనుక్కున్నారు, మమ్మల్ని అడగడం మానేశారు. పన్నెండు మగ్గాలు ఐదయ్యాయి.

నువ్వు ఆన్‌లైన్లో "పదిహేను రోజుల్లో డెలివరీ" అని పెడతానన్నావు. కళ్లు తెరిచి చదివావా ఆ ముక్క నువ్వు? ముందు నేతగాణ్ణి అడుగు, ఆయన చెప్పిన దాని మీద ఇంకో నెల వేసుకో, అప్పుడు పెట్టు.

అరువు సంగతి కూడా. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించు. చిన్న తయారీదారుకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని చట్టం ఉంది. అయినా చట్టం వచ్చి గల్లాపెట్టె తెరవదు, సగం ముందు తీసుకో. నీకు డబ్బు వచ్చినా రాకున్నా నేతగాడి మజూరీ శనివారం ఇచ్చెయ్యాల్సిందే.

నాన్న నీతో మాట్లాడటం లేదని ఏడుస్తున్నావంట. వాడు నిన్న నాకు మళ్లీ ఫోన్ చేసి, మన పాత మగ్గాల్లో ఏవైనా ఇంకా పనికొస్తాయా అని అడిగాడు. నీకు చెప్పొద్దన్నాడు.

ఆ 400 మీటర్లలో ఒక ముక్క నా పెట్టె అడుగున ఉంది, పక్కనే మనం నేసిందీ ఉంది. వచ్చే ఆదివారం రా. రెండూ నీ చేతికిస్తాను. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పాలి, చెప్పగలిగేదాకా అన్నం పెట్టను. గోంగూర మాత్రం చేసి ఉంచుతాను.

మీ అత్తయ్య