వైరస్ పోయినా బ్లూ స్క్రీన్ వస్తుంటే

వైరస్ పట్టిందని కంగారులో, ఉన్నదానికి తోడు రెండో యాంటీవైరస్ వేశారుగా, దాని మీదే నా అనుమానం. వైరస్ పోయినా రోజూ బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయి నీలం తెర) వస్తోందన్నారుగా, రెండు యాంటీవైరస్‌లూ ఒకే ఫైల్ కోసం కొట్టుకుంటుంటే అలా అవ్వొచ్చు. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్‌తో గొడవ లేదు, వేరే యాంటీవైరస్ ఉంటే అది తనంతట తానే తప్పుకుంటుంది.

1. ఆ రెండోదాన్ని పూర్తిగా తీసేయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తారు చాలామంది. దాని డ్రైవర్లు (విండోస్ లోపల నడిచే భాగాలు) లోపలే మిగిలిపోవచ్చు. వాటినీ తీసేసే రిమూవల్ టూల్ సాధారణంగా ఆ కంపెనీ సైట్‌లో ఉంటుంది. దాన్ని సేఫ్ మోడ్‌లో (అవసరమైనవి మాత్రమే నడిచే విండోస్) నడపాలి. ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, మామూలు సేఫ్ మోడ్‌లో నెట్ రాదు.

2. షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆపైన 4 నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అక్కడ ఆ టూల్ నడపండి.

3. మళ్లీ మామూలుగా ఆన్ చేసి ఒకరోజు చూడండి.

అప్పటికీ ఆగకపోతే నీలం స్క్రీన్ మీది స్టాప్ కోడ్ (ఎందుకు ఆగిందో చెప్పే ఎర్రర్ పేరు) ఫొటో తీసి పెట్టండి.