మొదటి పీడీఎఫ్ ఎక్కించక ముందే

చిరంజీవి అనూషకు,

ఆశీస్సులు. కాలేజీలో రిపాజిటరీ (మనవాళ్ల వ్యాసాలు, నివేదికలు ఆన్‌లైన్‌లో దాచి అందరికీ చూపే భండారం) పెట్టమన్నారని, డీస్పేస్ సరిపోతుందా అని అడిగావు. సరిపోతుంది. ఎంఐటీ గ్రంథాలయం, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల జాతీయ భండారమైన మన శోధ్‌గంగ నడిచేదీ దాని మీదే. దానికి రెండేళ్ల ముందే ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈప్రింట్స్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ కూడా మంచిదే. పటాన్‌చెరు ఇక్రిశాట్, ఐఐటీ హైదరాబాద్ దాన్ని ఎంచుకున్నాయి. అయితే మన వైపు లైబ్రరీల్లో డీస్పేస్ మీద చెయ్యి తిరిగినవాళ్లు ఎక్కువ. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తేవాళ్లు ఉండాలి కదా, నా ఓటు అందుకే దానికి.

ఇన్‌స్టలేషన్‌కి భయపడకు, తప్పయితే తుడిచేసి మళ్లీ చేసుకోవచ్చు. ఐదు వేల పత్రాలు ఎక్కాక దిద్దుకోలేని పనులు మాత్రం కొన్ని ఉన్నాయి. ఈ ఉత్తరం ముఖ్యంగా వాటి కోసమే.

మొదటిది హ్యాండిల్. ప్రతి పత్రానికీ డీస్పేస్ ఒక శాశ్వత చిరునామా ఇస్తుంది. దాని పేరే హ్యాండిల్. అందులో ఏ సంస్థదో చెప్పే ముందు భాగం ప్రిఫిక్స్. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనా ప్రిఫిక్స్ 123456789. అది ఎవరిదీ కాదు, ప్రపంచంలో ఎక్కడా తెరుచుకోదు. అయినా మన దేశంలో ఎన్నో రిపాజిటరీలు ఏళ్ల తరబడి దానితోనే నడుస్తున్నాయి. సర్వర్ పేరు మారిన రోజున జనం తమ వ్యాసాల్లో ఇచ్చిన లింకులన్నీ చచ్చిపోతాయి. హ్యాండిల్ డాట్ నెట్ రిజిస్ట్రీలో నమోదు చేసుకుని చిన్న వార్షిక రుసుము కడితే సొంత ప్రిఫిక్స్ ఇస్తారు. ఆ రుసుము ఏటా బడ్జెట్‌లో ఒక పద్దుగా ఉండేలా ప్రిన్సిపాల్ గారి చేత ఇప్పుడే రాయించుకో. ఫైర్‌వాల్‌లో 2641 పోర్టు బయటికి తెరవమని నెట్‌వర్క్ వాళ్లకు చెప్పు. చాలాచోట్ల హ్యాండిల్ సర్వర్ (ఆ చిరునామాలను తెరిచే ప్రోగ్రామ్) పనిచేయకపోవడానికి కారణం అదే. ప్రిఫిక్స్ తర్వాత మార్చే కమాండ్ ఉన్నమాట నిజమే. కానీ అది మార్చేది నీ డేటాబేస్‌ని, ఇతరుల వ్యాసాల్లో అచ్చయిపోయిన లింకుల్ని కాదు.

రెండోది పేర్లు, మనవాళ్లకు అసలు తలనొప్పి ఇదే. రచయిత పేరు ఇంటిపేరు, కామా, సొంత పేరు అనే వరసలో ఉండాలి. ఉదాహరణకు, కొల్లూరి వెంకటేశ్వరరావు గారి వ్యాసం మీద పేరు కె.వి. రావు అని ఉంటుంది. డేటా ఎంట్రీ కుర్రాడు 'రావు, కె.వి.' అని కొడతాడు. ఇంకొకడు 'వెంకటేశ్వరరావు, కె.' అంటాడు. బ్రౌజ్ జాబితాలో ఒకే మనిషి ముగ్గురవుతాడు, అందరు రావులూ ఒకేచోట కుప్పపడతారు. అందుకని అధ్యాపకులందరి పేర్లతో ముందే ఒక పట్టిక తయారు చెయ్యి: ఇంటిపేరు పూర్తిగా, సొంత పేరు, ఆర్కిడ్ నంబరు (పరిశోధకుల గుర్తింపు సంఖ్య). ఆ రూపం తప్ప మరోటి ఎక్కనివ్వకు. వ్యాసంలో ఎలా అచ్చయిందో అది సైటేషన్ గడిలో ఉంటుంది, చాలు.

కమ్యూనిటీలు (పెద్ద విభాగాలు), వాటి లోపలి కలెక్షన్ల (పత్రాల గుంపుల) అమరిక కూడా ఇప్పుడే ఆలోచించు. శాఖల పేర్లతో చెట్టు కట్టాలనిపిస్తుంది. శాఖలు విడిపోతాయి, కలిసిపోతాయి, పేర్లు మారతాయి. కలెక్షన్లను పత్రం రకాన్ని బట్టి పెట్టి (వ్యాసాలు, సదస్సు పత్రాలు, ప్రాజెక్టు నివేదికలు, పత్రిక పాత సంచికలు), శాఖను ఒక మెటాడేటా (పత్రం వివరాల) గడిగా ఉంచడం మేలు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు యూజీసీ నిబంధనల ప్రకారం ఎలాగూ శోధ్‌గంగకు వెళ్తాయి. నీ శ్రమ అక్కడ లేనివాటి మీద పెట్టు.

సర్వర్ సంగతి. పాత పుస్తకాల్లో కనిపించే జేఎస్‌పీయూఐ అనే పాత తెర 2021లో డీస్పేస్ 7వ వెర్షన్‌తో పోయింది. ఇప్పుడు వెనక జావా సర్వర్, ముందు యాంగ్యులర్ తెర, రెండూ వేరు. జావా 17, పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), సోలర్ (వెతుకులాట చూసేది), నోడ్ (తెరను నడిపేది) కావాలి. 8 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టవచ్చు, 16 ఉంటే నిశ్చింత. తెరను బిల్డ్ చేసేటప్పుడు తక్కువ ర్యామ్ ఉంటే పని మధ్యలో ఆగిపోతుంది. జావా సర్వర్‌ని నడిపే టామ్‌క్యాట్ డీస్పేస్ 7కి 9వ వెర్షన్ కావాలి, డీస్పేస్ 8 నుంచి 10.1. పాతదాని మీద కొత్తది లేవదు, ఎందుకంటే లోపలి జావా ప్యాకేజీల పేర్లే మారాయి. డాకర్‌తో (అన్నీ ముందే సర్ది ఇచ్చే పెట్టె లాంటిది) పెట్టుకున్నది నేర్చుకోవడానికే, జనానికి తెరవడానికి కాదు.

మూడు చోట్ల చాలామంది ఇరుక్కుంటారు. ఉబుంటూ ప్యాకేజీగా వేసిన టామ్‌క్యాట్‌కు డీస్పేస్ ఫోల్డర్‌లో రాసే అనుమతి ఉండదు. ఫోల్డర్ యజమానిని ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, సర్వర్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వారి సర్వీసు ఫైలులో రీడ్-రైట్-పాత్స్ వరసకు ఆ ఫోల్డర్‌ని చేర్చాలి. రెండోది, లోకల్ కాన్ఫిగ్ ఫైలులో ఇచ్చే తెర చిరునామా బ్రౌజర్‌లో కనిపించేదానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చివర ఒక ఏటవాలు గీత (/) ఎక్కువైనా కార్స్ తప్పు (చిరునామా వేరని బ్రౌజర్ అడ్డుకోవడం) చూపించి ఆగిపోతుంది. ఇక హెచ్‌టీటీపీఎస్ లేకుండా సర్వర్‌ని బయటికి తెరిస్తే పేజీలు కనిపిస్తాయి, లాగిన్ మాత్రం కాదు. పాస్‌వర్డ్ తప్పేమో అనుకుని రోజంతా వెతుకుతారు పాపం.

ఇక తెలుగు. డేటాబేస్ సృష్టించేటప్పుడే యూనికోడ్ ఎన్‌కోడింగ్ ఇవ్వు. మీ కాలేజీ పత్రిక పాత సంచికలు పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసినవై ఉంటాయి. పీడీఎఫ్ లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడు. ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలు వస్తే సోలర్ చదివేదీ అదే, ఎంత వెతికినా ఆ వ్యాసం దొరకదు. పేజీ బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే సాధనానికి తెలుగు భాష ఇచ్చి నడుపు. లోపల ఎలాగూ అక్షరాలు గుర్తుపట్టే టెస్సరాక్టే పనిచేస్తుంది. ఫైలులో అక్షరాలు ముందే ఉన్నాయని అది మొరాయిస్తుంది, కాబట్టి ఫోర్స్-ఓసీఆర్ అనే ఎంపిక తప్పనిసరి. స్కాన్ 300 డీపీఐకి తగ్గితే ఒత్తులు ఎగిరిపోతాయి. ఫలితం ఎంత బాగున్నా శీర్షిక, రచయిత, సారాంశం చేత్తో యూనికోడ్‌లో టైపు చేయించు.

కంటికి కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట పొల్లు విడిగా నిలబడటానికి మధ్యలో ఒక అదృశ్య అక్షరం టైపు చేస్తాం. ఒకరు అది పెట్టి, ఇంకొకరు పెట్టకుండా కొడితే వెతుకులాటలో అవి రెండు వేరు మాటలయ్యే ప్రమాదం ఉంది. కీలకపదాల గడిలో రెండు రూపాలూ ఇవ్వు, ఇంగ్లిష్ కీలకపదాలు కూడా జోడించు.

వందల రికార్డులు ఒకేసారి ఎక్కించడానికి సీఎస్‌వీ (గడుల మధ్య కామాలుండే పట్టిక ఫైలు) వాడతావు. దాన్ని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరవొద్దు. తెలుగు చెడిపోతుంది, 2019-05 అన్న తేదీ మే-19 అయి కూర్చుంటుంది. లిబ్రెఆఫీస్ కాల్క్‌లో యూటీఎఫ్-8 ఎంచుకుని, అన్ని నిలువు వరసలనూ టెక్స్ట్‌గా తెరువు. ఒకే గడిలో ఇద్దరు రచయితలుంటే మధ్య రెండు నిలువు గీతలు (||) పెట్టాలి.

హక్కుల మాటకొస్తే, అధ్యాపకులు ప్రచురణకర్త వెబ్‌సైట్ నుంచి దించిన పీడీఎఫ్ తెచ్చి ఇస్తారు. చాలా పత్రికలు ఆ రూపాన్ని పెట్టనివ్వవు. సమీక్ష పూర్తయి ఆమోదం పొందిన చివరి రాతప్రతిని అడిగి తీసుకో. చాలామంది ప్రచురణకర్తలు దాన్ని కొన్ని నెలల గడువు తర్వాత అనుమతిస్తారు. ఏ పత్రిక నియమం ఏమిటో బ్రిటన్ సంస్థ జిస్క్ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్‌లో (మునుపటి షెర్పా రోమియో) చూడు. గడువు తేదీని ఎంబార్గో గడిలో పెడితే ఆ రోజు ఫైలు దానంతట అదే తెరుచుకుంటుంది.

గూగుల్ స్కాలర్‌లో కనిపించాలంటే వ్యాసానికి ఒకటే పీడీఎఫ్ ఉంచు, 5 ఎంబీ దాటనివ్వకు. ముఖపత్రం, సర్టిఫికెట్, అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా పెట్టే అలవాటు మానిపించు. ఓఏఐ లింకు (ఇతర సైట్లు మన రికార్డుల వివరాలు తీసుకునే దారి) పనిచేస్తోందని తేల్చుకున్నాకే ప్రపంచ రిపాజిటరీల జాబితా అయిన ఓపెన్‌డోర్‌లో నమోదు చెయ్యి.

బ్యాకప్‌లో ముందు డేటాబేస్, తర్వాత అసెట్‌స్టోర్ ఫోల్డర్ (అసలు ఫైళ్లు ఉండే చోటు), ఆ వరసలోనే తియ్యి. తిరగేస్తే, మధ్యలో ఎక్కిన పత్రం డేటాబేస్‌లో ఉంటుంది కానీ ఫైలు ఉండదు. అసెట్‌స్టోర్‌లో ఫైళ్ల పేర్లన్నీ అంకెలే; డేటాబేస్ పోతే ఏది ఎవరి వ్యాసమో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. సోలర్‌లో వెతుకులాట సూచిక మళ్లీ కట్టుకోవచ్చు, డౌన్‌లోడ్ల లెక్కలు మాత్రం కట్టుకోలేం. వాటిని విడిగా ఎగుమతి చేసి దాచు. ఏ విభాగం వాళ్లు వచ్చినా అడిగేవి ఆ లెక్కలే.

ముందు టెస్ట్ సర్వర్ మీద 20 పత్రాలు ఎక్కించు: పది ఇంగ్లిష్, పది తెలుగు, వాటిలో ఐదు అను ఫాంట్లవి. బ్యాకప్ తీసి, వేరే మిషన్ మీద మొత్తం తిరిగి నిలబెట్టి చూడు. ఆ పేర్ల పట్టిక తయారవగానే నాకు పంపు, ఇంటిపేర్లు ఒకసారి సరిచూస్తాను.

ఇట్లు,
పెదనాన్న