సెల్ఫ్ తిరుగుతుంది, బండి మాత్రం లేవదు

ప్రశ్న: సార్, నాది 2008 మోడల్ పెట్రోల్ కారు. 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఎండలో గంటసేపు నడిపాక మాత్రం ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోతోంది. మొన్న విజయవాడ వెళ్తుంటే చిల్లకల్లు టోల్ గేట్ లైన్లో ఆగింది, వెనక హారన్ల మోత, పిల్లలూ నేనూ కలిసి పక్కకు తోసుకున్నాం. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ స్టార్ట్ కాదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, పెట్రోల్ పంపు మార్చాడు, 9 వేలు అయింది. ఇప్పుడు ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నాడు, సెకండ్ హ్యాండ్‌దే 18 వేలట. స్కానర్ పెడితే ఒక్క కోడ్ కూడా రాలేదు. మార్పించేయమంటారా?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఆ 18 వేలు జేబులోనే ఉంచండి. వేడెక్కితే ఆగడం, చల్లారితే లేవడం అని చదవగానే నా అనుమానం క్రాంక్ సెన్సార్ మీదికి పోయింది. అలాగని వెంటనే వెళ్లి అదే కొనేయమని చెప్పను, అలా చేస్తే మీ మెకానిక్ చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది.

క్రాంక్ షాఫ్ట్‌తో (పిస్టన్లు తిప్పే ఇరుసుతో) పాటు తిరిగే ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా బండ్లలో 60 పళ్లకు చోటున్న చక్రంలో 2 పళ్లు తీసేసి 58 ఉంచుతారు. ఒక్కో పన్ను ముందునుంచి పోయినప్పుడల్లా సెన్సార్ ఈసీఎంకి చిన్న సిగ్నల్ పంపిస్తుంది, ఆ ఖాళీ వచ్చినప్పుడు పిస్టన్ ఎక్కడుందో ఈసీఎంకి తెలుస్తుంది. ఈ సిగ్నల్ అందకపోతే ఇంజన్ తిరుగుతున్న సంగతే దానికి తెలియదు. అందుకని స్పార్కూ ఇవ్వదు, ఇంజెక్టరూ తెరవదు, చాలా బండ్లలో పంపును కూడా ఆపేస్తుంది. మీ మెకానిక్ పంపును అనుమానించడానికి కారణం బహుశా అదే, పెట్రోల్ రావట్లేదన్నది చూశాడు, ఎందుకు రావట్లేదో చూడలేదు.

మీ బండితో వచ్చిన చిక్కల్లా ఒకటే, షెడ్డుకు తీసుకెళ్లేసరికి చల్లారిపోతుంది, అప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. కాబట్టి జబ్బు పట్టుకోవాలంటే ఆగిపోయిన ఆ అరగంటలోనే పట్టుకోవాలి, అది మీరే చేయొచ్చు. ముందు రేపు పొద్దున చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లును ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. స్టార్ట్ అయ్యే ముందు కొద్దిగా పైకి లేస్తుందా లేదా అన్నది కావాలి మనకు, కొన్ని బండ్లలో ఎప్పుడూ లేవదు, అప్పుడు ఈ పరీక్ష పనికిరాదు. మళ్లీ ఆగిపోయినప్పుడు ఇదే వీడియో తీయండి. పొద్దున కదిలిన ముల్లు ఇప్పుడు సున్నా దగ్గరే బిగుసుకుపోయి ఉంటే సెన్సార్ గానీ దాని వైర్ గానీ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ముల్లు కదులుతూ కూడా స్టార్ట్ కాకపోతే ఇగ్నిషన్ కాయిల్‌నో, పెట్రోల్ ప్రెషర్‌నో చూడాలి. బ్లూటూత్ స్కానర్ ఉండి అది మీ బండితో మాట్లాడితే (2013కి ముందు బండ్లన్నీ మాట్లాడవు) లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడండి, అది ముల్లు కంటే నమ్మకం. కోడ్ లేదని మాత్రం సెన్సార్ బాగుందనుకోకండి. పీ0335 (క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని చెప్పే కోడ్) వస్తే మంచిదే, కానీ ఇంజన్ ఆగే ఉందనుకుని ఈసీఎం ఏ కోడూ వేయకుండా ఊరుకున్న బండ్లు కొల్లలు.

ఇక మీటర్ పని. సెన్సార్‌కి రెండు వైర్లే ఉంటే అది మామూలు కాయిల్ రకం, కప్లర్ విప్పి ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడొచ్చు, చాలావాటికి కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు వస్తుంది. మూడు వైర్లున్న వాటిలో సిగ్నల్‌తో పాటు కరెంటు సప్లై, ఎర్త్ ఉండే హాల్ రకమే ఎక్కువ, దాన్ని ఓమ్స్‌తో కొలిస్తే అర్థం లేదు, సప్లై వోల్టేజీ వస్తోందా అని చూడాలి. రెండు వైర్లవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: రాగి తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర 900 ఉన్నది 100 డిగ్రీల దగ్గర 1,160 చూపించినా తప్పు కాదు. వేడి మీద మీటర్ ఓఎల్ (కొలవలేనంత రెసిస్టెన్స్) అని చూపిస్తే లోపల తీగ తెగి, వేడికి విడిపోతూ చల్లారాక అతుక్కుంటోందన్నమాట. సెన్సార్ విప్పి హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ మీటర్ చూస్తే ఈ ఆట టేబుల్ మీదే కనిపిస్తుంది. సెల్ఫ్ కొడుతూ ఏసీ వోల్ట్స్‌లో చూస్తే బాగున్న సెన్సార్ సాధారణంగా అర వోల్టుకు పైనే ఇస్తుంది. బ్యాటరీ డౌనై ఇంజన్ మెల్లగా తిరిగినా ఇది పడిపోతుంది, ముందు బ్యాటరీ చూసుకోండి.

కొనేముందు విప్పి ఒకసారి కొన వైపు చూడండి. మాగ్నెట్ కదా, ఇనుప రజను గడ్డంలా పట్టుకుని ఉంటుంది, గుడ్డతో తుడిస్తేనే బాగైపోయినవి ఉన్నాయి. వైర్ సైలెన్సర్ పైపుకు ఆనుకుని పైతొడుగు కరిగిందేమో, కప్లర్‌లోకి ఆయిల్ దిగిందేమో కూడా చూడండి. వైర్ పోయిన చోట కొత్త సెన్సార్ వేస్తే డబ్బు దండగ. మార్చాల్సి వస్తే ఒరిజినలే వేయండి, సగం ధరకు వచ్చే లోకల్‌ది పొడవు కొద్దిగా తేడా ఉన్నా పళ్లకూ దానికీ మధ్య సందు మారిపోతుంది. ఆ సందు మామూలుగా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, అంతే.

తేలేదాకా హైవే ఎక్కకండి. పరుగులో ఇంజన్ ఆగితే స్టీరింగ్ తిప్పడం బరువైపోతుంది, బ్రేక్ కూడా రెండు మూడు తొక్కుళ్ల తర్వాత రాయిలా అవుతుంది.

ప్రశ్న: క్రాంక్ సెన్సార్ కొత్తది వేశాం, వైరింగ్ కూడా బాగుందన్నారు. అయినా చెక్ ఇంజన్ లైట్ ఆరట్లేదు, పీ0016 అని వస్తోంది.
- ఇంకో పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ కోడ్ క్రాంక్ లెక్కకూ క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) లెక్కకూ పొంతన కుదరట్లేదని చెబుతోంది, సెన్సార్ పోయిందని కాదు. టైమింగ్ చైన్ సాగిందేమో, బెల్ట్ ఒక పన్ను జారిందేమో ముందు చూపించండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు వైపు గలగలమంటుంటే ఆలస్యం చేయకండి.