నల్లకోటు తీసేసి సేవాసంస్థలో చేరడమా?

ప్రశ్న: విశాఖపట్నం కోర్టుల్లో మూడేళ్లు ప్రాక్టీసు చేసి, ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) కోసం న్యూయార్క్ వచ్చాను. లా ఫర్ముల కన్నా సేవాసంస్థల మీదికే మనసు పోతోంది. "ఇంత చదివి చందాలు వసూలు చేస్తావా?" అని ఇంట్లో గోల. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఇక్కడి పెద్ద సేవాసంస్థలు జీతాలిచ్చి నడిపేవేనమ్మా. ఆ సంగతితోపాటు, ఫోర్డ్ ఫౌండేషన్ అనే పెద్ద దాతృత్వ సంస్థకు అధ్యక్షుడిగా పనిచేసిన డారెన్ వాకర్ సంగతి కూడా ఇంట్లో చెప్పండి. టెక్సస్‌లో తల్లి ఒంటరిగా పెంచిన పిల్లవాడు. 1986లో లా పట్టా పుచ్చుకుని న్యూయార్క్‌లో పెద్ద ఫర్ములో చేరారు. రెండేళ్లకు యూబీఎస్ బ్యాంకుకు మారి, ఏడేళ్లు పెట్టుబడి మార్కెట్ల విభాగంలో ఉన్నారు. అదీ వదిలేసి న్యూయార్క్‌లోని హార్లెం పేటలో ఒక బడిలో ఏడాది జీతం లేకుండా పనిచేశారు. తరువాత అదే పేటలో ఇళ్లు కట్టించే అబిసీనియన్ సంస్థ, ఆపైన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్, 2013లో ఫోర్డ్ ఫౌండేషన్ అధ్యక్ష పదవి.

నేను ఎవరికైనా చెప్పేది మాత్రం 2020 ముచ్చటే. కోవిడ్‌లో సంస్థలు అల్లాడుతుంటే ఫోర్డ్ ఫౌండేషన్ వంద కోట్ల డాలర్ల బాండ్లు జారీ చేసి, అంటే మార్కెట్లో అప్పు తెచ్చి, ఆ సొమ్ము పంచింది. మార్కెట్ తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉండబట్టే అది తోచిందని నా నమ్మకం. అద్దె ఒప్పందం, గ్రాంటు షరతులు అక్షరం వదలకుండా చదివేవారు చిన్న సంస్థలకు దొరకరు. మీ మూడేళ్లూ అక్కడ పనికొస్తాయి.

న్యూయార్క్ బార్‌లో చేరాలంటే, అంటే అక్కడ లాయరుగా నమోదు కావాలంటే, ఎలాగూ 50 గంటలు ఉచిత న్యాయసేవ చేయాలి. నచ్చిన సంస్థలో వాటితోనే మొదలుపెట్టండి. అంతకుముందు దాని ఫారం 990 తెరవండి. పన్నుల శాఖకు వాళ్లిచ్చే ఈ పత్రాన్ని ఎవరైనా చూడవచ్చు. ఏడో భాగంలో డైరెక్టర్ల జీతాలుంటాయి. ఒకసారి నేను చేరబోయిన సంస్థలో పిల్లల పుస్తకాలకు పెట్టిన ఖర్చు కన్నా డైరెక్టరు జీతమే ఎక్కువ. కాఫీ చల్లారేలోపు మనసు మార్చుకున్నాను.

ఇక వీసా. సేవాసంస్థ అయినంత మాత్రాన హెచ్-1బీ లాటరీ నుంచి మినహాయింపు దొరకదు. విశ్వవిద్యాలయాలు, వాటి అనుబంధ సంస్థలు, పరిశోధన సంస్థలకే ఆ మినహాయింపు. చేరేముందే అడగండి.

అన్నట్టు, ఫోనులో అమ్మానాన్నలకు "వాలంటీరుగా చేరాను" అని మాత్రం చెప్పకండి. మన ఆంధ్రలో ఆ మాట వినగానే 2024 దాకా ఇంటింటికీ పింఛను పంచిన వాలంటీర్లే గుర్తొస్తారు!