చెరువు నీటిని ఏ వేళకు పరీక్షించాలి?

ప్రశ్న: మాది నల్లగొండకు దగ్గరలోని ఒక గ్రామం. నిరుడు ఎండాకాలంలో మా చెరువులో చేపలు చచ్చి తేలిన తర్వాత, ఎనిమిది మందిమి కలిసి చేపల పెంపకందారులు వాడే కిట్టు ఒకటి కొని, నెలకు రెండుసార్లు నీటిని పరీక్షిస్తున్నాం. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఒకరు చూస్తే లీటరుకు 3 మిల్లీగ్రాములు, మరొకరు చూస్తే 11 వస్తోంది. కిట్టు పాడైనట్టేనా? ఫ్లోరైడ్ కూడా చూడాలా?
— ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: కిట్టును అనుమానించే ముందు, ఆ రెండు పరీక్షలూ ఏ వేళకు చేశారో చూడండి. మీ ఉత్తరంలో ఆ వివరం లేదు. మీ నోటుపుస్తకంలోనూ లేకపోతే లోపం అక్కడే ఉంది. నాచు పట్టి పచ్చబడిన చెరువులో, పగలంతా ఎండకు నాచు ఆక్సిజన్‌ను వదులుతుంది. పొద్దు గూకాక అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే చెత్త అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువగా, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఎక్కువగా ఉంటుంది. చేపలు తెల్లవారేసరికి నోళ్లు పైకెత్తి గాలి కోసం తేలడం మీ ఊరి బెస్తవారు ఎన్నోసార్లు చూసే ఉంటారు, వారిని అడగండి. 30 డిగ్రీల వేడి ఉన్న నీటిలో గాలి నుంచి కరిగి నిలిచేది సుమారు 7.5 మిల్లీగ్రాములే కాబట్టి, 11 వచ్చిందంటే సంతోషించవలసిన పని లేదు, నాచు మితిమీరిందని అనుమానించాలి. చేపలకు కనీసం 4 ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం.

ఒకే రోజు సూర్యోదయానికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి మరోసారి పరీక్షించి, రెంటి మధ్య తేడాను రాసుకోండి. నమూనా తీసేటప్పుడు సీసాను మోచేతి లోతున ముంచి, బుడగ ఒక్కటి కూడా మిగలకుండా నీటి లోపలే మూత పెట్టాలి. బకెట్‌తో తోడి సీసాలో పోస్తే గాలి కలిసి అంకె పెరుగుతుంది. మీ ఎనిమిది మందిలో ఇద్దరు ఒకే నీటిని విడివిడిగా పరీక్షించి చూస్తే, తేడా కిట్టుదో చేతిదో తేలిపోతుంది.

నాచు పెరిగి నీటి తేటదనం ఎంత తగ్గిందో చూడడానికి కిట్టుకన్నా చవకైన సాధనం మరొకటి ఉంది. 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు ఒకదాని పక్కన ఒకటి వేసి, కింద బరువు కట్టి తాడుతో దించాలి. కంటికి కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు, ఈ రెంటి సగటే నీటి తేటదనం. ఇటలీ శాస్త్రవేత్త సెక్కి 1865లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అయితే వాన వెలిసిన మర్నాడు, ఏఎంఆర్‌పీ సాగునీటి కాలువ నీరు చేరిన వారంలో నీరు బురదగా ఉండడం సహజం, కాబట్టి ఆ తేదీలు కూడా రాయండి.

ఇక ఫ్లోరైడ్ కోసం చెరువు దగ్గర డబ్బు ఖర్చు చేయకండి. మన జిల్లాలో ఆ బాధ ప్రధానంగా రాళ్ల పొరల్లో ఊరే భూగర్భ జలాలది. పరీక్షించవలసింది తాగే బోరు నీటిని, అక్కడ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ కిట్టు అంకెలను చూసి చెరువు నీరు తాగవచ్చని మాత్రం ఎవరికీ చెప్పకండి, సూక్ష్మజీవుల సంగతి ప్రయోగశాలలోనే తేలుతుంది.

తూము దగ్గర ఒక రాయికి రంగు వేసి, ఇకనుంచి ప్రతిసారీ అక్కడి నుంచే నమూనా తీయండి. వరుసగా రెండు తెల్లవారుజాముల్లో 3 కన్నా తక్కువ వస్తే, మూడో రోజు కోసం ఆగకుండా మత్స్య సహకార సంఘానికి చెప్పండి.